లిలియాల్: నిషేధించింది ఎందుకు, మనం చూడాల్సింది ఎక్కడ

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో షాంపూ పాకెట్లు దండల్లా వేలాడే కొట్ల దగ్గర సెంటు సబ్బుల గురించి భయాలకు కొదవలేదు. "యూరప్‌లో నిషేధించారట, మనకు మాత్రం అమ్ముతున్నారట" అన్నది అందులో ఒకటి. మాట పూర్తిగా అబద్ధం కాదు. అలాగని పూర్తిగా నిజమూ కాదు. ఆ నిషేధం పడిన వాటిలో ఒకటి లిలియాల్. లేబుల్ మీద దాని పేరు బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనల్.

అపోహ: పువ్వు వాసన వస్తోందంటే పువ్వు నూనె కలిపినట్టే.

వాస్తవం: లిలియాల్ ఇచ్చేది లిల్లీ ఆఫ్ ది వ్యాలీ వాసన. మోండా మార్కెట్ దగ్గర దండల్లో గుచ్చే లిల్లీ కాదది. చలిదేశాల్లో పూసే చిన్న తెల్ల గంటల పువ్వు. ఆ పువ్వు నుంచి పనికొచ్చేంత నూనె రాదు. అందుకే ఆ పరిమళాన్ని ప్రయోగశాలలో కూర్చుకుంటారు.

అపోహ: నిషేధించారంటే క్యాన్సర్ తెస్తుందనే.

వాస్తవం: 2022 మార్చి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో లిలియాల్ ఉన్న సౌందర్య సాధనాలు అమ్మకూడదు. కారణం క్యాన్సర్ కాదు, సంతాన సామర్థ్యానికి హాని చేయవచ్చన్న వర్గీకరణ. ఎలుకలకు నోటి ద్వారా ఎక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు మగ ఎలుకల వృషణాలు దెబ్బతిన్నాయి. మనుషుల్లో అలా జరిగినట్టు రుజువై వేసిన నిషేధం కాదిది.

2019లో యూరప్ శాస్త్రీయ కమిటీ చెప్పిన మాట మాత్రం జాగ్రత్తగా వినాలి. నిర్ణీత మోతాదులో ఉంటే ఏ ఒక్క ఉత్పత్తీ విడిగా ప్రమాదం కాదు, కానీ షాంపూ, క్రీము, డియోడరెంట్ ఇలా అన్నీ కలిసి ఒకే ఒంటి మీదికి చేరితే క్షేమమని చెప్పలేమంది. నా దృష్టిలో అసలు సంగతి ఇదే. మనం ఒక్కో డబ్బానూ విడిగా అనుమానిస్తాం. రోజు మొత్తం మీద ఒంటికి ఎంత పూస్తున్నామో లెక్క చూసుకోం.

అపోహ: సహజమైన అత్తరైతే ఏ బాధా లేదు.

వాస్తవం: 2017లో యూరప్ ఒకే నిర్ణయంతో మూడు పరిమళ పదార్థాలను నిషేధించింది. వాటిలో లైరాల్ కృత్రిమం. మిగతా రెండూ, అట్రనాల్, క్లోరో అట్రనాల్, ఓక్‌మాస్ అనే లైకెన్ సారంలో సహజంగా దొరికేవే. మూడింటికీ కారణం చర్మ అలెర్జీయే. లావెండర్‌లోని లినలూల్ కూడా గాలి తగిలి మారిపోయాక కొందరికి పడదు.

అపోహ: లేబుల్ చదివితే అంతా తెలిసిపోతుంది.

వాస్తవం: యూరప్‌లో అలెర్జీ తెచ్చే పరిమళాలు ఒంటి మీద ఉండిపోయే క్రీముల్లో 0.001 శాతం, కడిగేసే సబ్బుల్లో 0.01 శాతం దాటితే పేరు పేరునా రాయాలి. ఇక్కడ కొట్లో ఒక సబ్బు తీసుకుని చూడండి. చీమతలకాయంత అక్షరాల చివర తరచుగా కనిపించేది 'పర్ఫ్యూమ్' అన్న ఒక్క మాట. అందులో ఒక పదార్థం ఉందో, యాభై ఉన్నాయో తెలియదు. 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకూ, 30 గ్రాముల లోపు క్రీములకూ మన నిబంధనల్లో పదార్థాల జాబితా నుంచే మినహాయింపు ఉంది. అంటే రోజుకూలీ వాడే రెండు రూపాయల పాకెట్ మీద ఆ జాబితా లేకపోయినా తప్పు కాదు. తక్కువ డబ్బు పెట్టే మనిషికి తక్కువ సమాచారం చాలనుకోవడం అన్యాయం. ఇది మారాలి.

'అన్‌సెంటెడ్' అన్న మాటనూ నమ్ముకోకండి. ముడి వాసనను కప్పడానికి అందులోనూ పరిమళం కలపవచ్చు.

అపోహ: పదేళ్లుగా వాడుతున్న సబ్బు ఇప్పుడు పడకపోవడమేమిటి?

వాస్తవం: అలెర్జీ మొదలయ్యేదే పదే పదే తగలడం వల్ల. పైగా దద్దురు వెంటనే రాదు, ఒకటి రెండు రోజులకు తేలుతుంది. అందుకే తప్పు ఇంకో వస్తువు మీద పడుతుంది. చర్మవైద్యులు వీపు మీద పట్టీలు అంటించి 48 గంటల తర్వాత తీసి, మళ్లీ ఒకటి రెండు రోజులకు చూసే ప్యాచ్ టెస్టుతోనే కారణం తెలుస్తుంది. వెళ్లేటప్పుడు వాడిన డబ్బాలు, అట్టపెట్టెలు, చింపిన పాకెట్లు పారేయకుండా వెంట తీసుకెళ్లండి.