సెఫలోస్పోరిన్లు.. తరాలొక్కటే బట్టీపడితే చాలదు!

బీఫార్మసీ, ఫార్మ్‌డీ చదివినవాళ్లలో సెఫలోస్పోరిన్ల తరాలు చెప్పలేనివాళ్లు తక్కువే. సెఫజోలిన్ ఒకటి, సెఫురాక్సిమ్ రెండు, సెఫ్ట్రియాక్సోన్ మూడు, సెఫిపైమ్ నాలుగు, సెఫ్టరోలిన్ ఐదు.. గడగడా అప్పజెప్పేస్తారు. ఆసుపత్రి ఫార్మసిస్టు ఇంటర్వ్యూలో మెలిక ఆ తర్వాతే ఉంటుంది. 'పది రోజుల పసికందు. క్యాల్షియం ఉన్న ఐవీ ఫ్లూయిడ్ ఎక్కుతోంది. సెఫ్ట్రియాక్సోన్ రాశారు. మీరేం చేస్తారు?' అని అడిగితే?

నిర్మాణంతో మొదలుపెట్టండి

1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో జుసెప్పె బ్రోట్జు, మురుగునీరు సముద్రంలో కలిసేచోట ఓ శిలీంధ్రాన్ని గుర్తించారు. ఈ మందులకు మూలం అదే. వీటిలోని బీటా లాక్టమ్ వలయం బ్యాక్టీరియా కణకవచాన్ని కట్టే ఎంజైములకు అతుక్కుని, గోడ కట్టకుండా ఆపేస్తుంది. ఏడో స్థానంలోని సైడ్ చైన్ మారితే మందు ఏ బ్యాక్టీరియాపై పనిచేస్తుందో మారుతుంది. మూడో స్థానంలో మార్పు ప్రధానంగా అది శరీరంలో ఎలా నడుచుకుంటుందో నిర్ణయిస్తుంది.

తరం పెరిగితే బలం పెరిగినట్టా?

కాదు. చాలా ఆపరేషన్లకు ముందు ఇన్‌ఫెక్షన్ రాకుండా ఇచ్చేది నేటికీ ఒకటో తరం సెఫజోలినే. సెఫ్టజిడిమ్, సెఫ్ట్రియాక్సోన్ రెండూ మూడో తరానివే అయినా సూడోమోనాస్‌పై పనిచేసేది మొదటిదే. ఎంఆర్‌ఎస్‌ఏకు సెఫ్టరోలిన్ కావాలి. ఎంటెరోకాకస్‌పై మాత్రం సాధారణంగా వాడే సెఫలోస్పోరిన్లను నమ్ముకోలేం.

పెన్సిలిన్ అలర్జీ ఉంటే..

'పది శాతం మందికి సెఫలోస్పోరిన్లూ పడవు' అనేది పాత లెక్క. అసలు ప్రమాదం అంతకంటే చాలా తక్కువని తర్వాత తేలింది. చూడాల్సింది సైడ్ చైన్ పోలిక. ఆంపిసిలిన్, సెఫాలెక్సిన్‌లకు అది ఒకటే కాబట్టి అక్కడ జాగ్రత్త. గతంలో తీవ్రమైన రియాక్షన్ వచ్చిన రోగి విషయంలో డాక్టర్‌ని అడగకుండా ముందుకెళ్లొద్దు.

ఇక జవాబు

మందు ఇవ్వకుండా ఆపి, వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. సెఫ్ట్రియాక్సోన్ క్యాల్షియంతో కలిసి గడ్డకడుతుంది. నవజాత శిశువుల్లో ఆ కణాలు ఊపిరితిత్తులు, కిడ్నీల్లో చేరి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. కామెర్లున్న శిశువుకైతే ఇంకో ప్రమాదం. ఇది ఆల్బుమిన్ నుంచి బిలిరుబిన్‌ను తప్పించేస్తుంది. అది మెదడుకు చేరితే ముప్పే. ఇలాంటప్పుడు సాధారణంగా సెఫొటాక్సిమ్ వైపు చూస్తారు. ఇంత చెప్పగలిగితే మీకు సబ్జెక్టే కాదు, బాధ్యతా తెలుసని ఎదుటివారికి అర్థమవుతుంది.

మెడికల్ షాపులో చేరాలనుకునేవారు మరోటి గుర్తుంచుకోండి. సెఫిగ్జిమ్, సెఫ్ట్రియాక్సోన్ వంటివి షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. 2014 మార్చి 1 నుంచి వీటి అమ్మకాలను ప్రత్యేక రిజిస్టర్‌లో రాసి, మూడేళ్లు భద్రపరచాలి. చీటీ లేకుండా అమ్మకూడదు.

ఈ వారం ఒక పని చేయండి. తరానికో మందు తీసుకుని దేనిపై పనిచేస్తుంది, ఎలా బయటికి పోతుంది, ఎవరికి ఇవ్వకూడదు.. ఈ మూడూ సొంత మాటల్లో రాసుకోండి. ఇంటర్వ్యూకి అది పనికొస్తుంది. రేపు మీ కౌంటర్ ముందు నిలబడే రోగికీ పనికొస్తుంది.