ఆటల సర్వర్లను లెక్కించే పనిముట్లు: మన పిల్లలకు ఒక లెక్కల పాఠం



"పిల్లలకు కంప్యూటర్ ఇప్పిస్తే చదువుకుంటారా, ఆటలాడుకుంటారా?" అని దాతలు అడుగుతుంటారు. డబ్బు ఇచ్చేవారు అడగవలసిన ప్రశ్నే అది. జగ్గయ్యపేటలోనైనా, నందిగామలోనైనా పదో తరగతి పిల్లవాడి చేతిలో ఫోనుంటే అందులో ఆట కూడా ఉంటుంది. తిట్టి మాన్పించడం ఒక పద్ధతి. ఆ ఆట వెనుక ఏం జరుగుతోందో చూపించి చదువులోకి మళ్లించడం ఇంకో పద్ధతి. ఉపాధ్యాయులుగా మేము రెండోదాన్నే నమ్ముతాము. అందుకు పనికొచ్చే ఒక పనిముట్టును ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

నలుగురు నాలుగు ఊళ్ల నుంచి ఒకే ఆట ఆడాలంటే మధ్యలో ఒక కంప్యూటర్ ఉండాలి. ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఎన్ని పాయింట్లు వచ్చాయి అన్నది అదే చూసుకుంటుంది. దాన్ని సర్వర్ అంటారు. 1996లో 'క్వేక్' అనే ఆట వచ్చాక ఇలాంటి సర్వర్లు ఇంటర్నెట్‌లో బాగా పెరిగాయి. ఏ సర్వర్ నడుస్తోంది, అందులో ఎందరున్నారు అని తెలుసుకోవలసిన అవసరం వచ్చింది. అప్పుడే స్టీవ్ జాన్‌కోవ్‌స్కీ అనే ప్రోగ్రామర్ 'క్యూస్టాట్' అనే చిన్న ప్రోగ్రాము రాశారు. తర్వాత అది పదుల కొద్దీ ఇతర ఆటలకూ విస్తరించింది. ఇది ఉచితం. డెబియన్ లైనక్స్‌లో దీన్ని 'క్వేక్‌స్టాట్' అనే పేరుతో పిలవాలి. ఇదే పని చేసే 'గేమ్‌డిగ్' అనే పనిముట్టు కూడా ఉంది.

ఇవి కమాండ్ లైన్ పనిముట్లు. అంటే బొమ్మలు, బటన్లు ఉండవు. నల్లని తెర మీద ఆట రకం, సర్వర్ చిరునామా టైపు చేసి ఎంటర్ నొక్కాలి. ఒక వరుసలో జవాబు వస్తుంది: చిరునామా, ఎంతమందికి చోటుంటే ఎందరు ఉన్నారు, ఏ మైదానంలో ఆడుతున్నారు, జవాబుకు ఎంతసేపు పట్టింది, సర్వర్ పేరు. ఇందుకు మన కంప్యూటర్‌లో ఆ ఆట ఉండనవసరం లేదు. ఆడకుండానే లెక్కించవచ్చు. పైగా, ఆఫీసుల్లో పక్కన పెట్టేసిన పాత కంప్యూటర్ కూడా ఈ పనికి సరిపోతుంది.

లోపల జరిగేది పోస్టుకార్డు రాయడం లాంటిది. మన కంప్యూటర్ ఒక చిన్న ప్రశ్న పంపుతుంది. అది చేరినట్టు రసీదు ఉండదు. దారిలో పోతే పోయినట్టే. అందుకే క్యూస్టాట్ కొద్దిసేపు ఆగి మళ్లీ అడుగుతుంది. మామూలుగా మూడుసార్లు ప్రయత్నిస్తుంది. అప్పటికీ పలకకపోతే జవాబు లేదని రాస్తుంది. ఇంటికి తలుపు సంఖ్య ఉన్నట్టే ప్రతి ఆటకూ ఒక పోర్టు సంఖ్య ఉంటుంది. క్వేక్ 3కి మామూలుగా 27960, కౌంటర్ స్ట్రైక్‌కి 27015.

ప్రశ్న వెళ్లి జవాబు వచ్చేందుకు పట్టే కాలాన్ని 'పింగ్' అంటారు. సెకనులో వెయ్యో వంతు అయిన మిల్లీసెకన్లలో దాన్ని కొలుస్తారు. ఇక్కడ భౌతికశాస్త్ర పాఠం దొరుకుతుంది. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. జగ్గయ్యపేట నుంచి చెన్నైకి తిన్నగా గీత గీస్తే సుమారు 420 కిలోమీటర్లు. రానూపోనూ 840 కిలోమీటర్లకు 4 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. 7,000 కిలోమీటర్ల దూరంలోని ఐరోపా సర్వర్‌కైతే 70. ఎంత ఖరీదైన కనెక్షన్ అయినా అంతకన్నా తగ్గించలేదు. నిజంగా కొలిస్తే ఇంకా ఎక్కువే వస్తుంది. తీగ తిన్నగా పోదు, దారిలో ఎన్నో మజిలీలు ఉంటాయి. ఆ తేడా ఎందుకు వచ్చిందని పిల్లవాడు అడిగిన రోజున చదువు మొదలైనట్టే.

అసలు పాఠం ఆ తర్వాత ఉంది. ఒక్కసారి అడిగితే వచ్చేది ఆ క్షణపు లెక్క. చిల్లకల్లు టోల్ గేటు దగ్గర ఒక్క నిమిషం నిలబడి లారీలు లెక్కపెట్టి, రోజు మొత్తానికి ఇంతేనని చెప్పలేము కదా. అందుకే ఐదు నిమిషాలకోసారి దానంతటదే అడిగేలా కంప్యూటర్‌కు అప్పజెప్పాలి. రోజుకు 288 లెక్కలు వస్తాయి. పదో తరగతి సాంఖ్యకశాస్త్రంలోని సగటు, మధ్యగతం, బాహుళకం అప్పుడు ప్రాణం పోసుకుంటాయి. ఉదాహరణకు ఏడు లెక్కలు 1, 1, 2, 2, 2, 3, 31 అనుకుందాం. సగటు 6. మధ్యగతం 2, బాహుళకం కూడా 2. "సగటున ఆరుగురు ఆడుతున్నారు" అన్నది అబద్ధం కాదు, కానీ ఆ సర్వర్‌లో ఆరుగురు ఏ వేళా లేరు. పైగా ఆటగాళ్లలో కొందరు మనుషులే కాకపోవచ్చు. మనిషిలా ఆడే ప్రోగ్రాములను 'బాట్లు' అంటారు. తల కనబడినంత మాత్రాన మనిషి అనుకోకూడదు.

ఈ పనిముట్టుకు మర్యాద కూడా నేర్పాలి. ఈ పద్ధతిలో చిన్న ప్రశ్నకు పెద్ద జవాబు వస్తుంది. దుర్మార్గులు ఇతరుల చిరునామా వేసి వేలాది ప్రశ్నలు పంపి, ఆ జవాబుల వరదలో వారిని ముంచేస్తారు. క్వేక్ పద్ధతిలో పంపినదానికి దాదాపు 64 రెట్లు తిరిగి వస్తుందని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం 2014లో హెచ్చరించింది. అడిగినవారు నిజంగా ఆ చిరునామాలోనే ఉన్నారో లేదో ముందుగా తేల్చుకునే పద్ధతిని వాల్వ్ కంపెనీ 2020 చివరలో తన ఆటలకు పెట్టింది. కాబట్టి పిల్లలకు మేము చెప్పవలసినది ఇది: తక్కువసార్లు అడగాలి, వీలైతే మన సొంత సర్వర్‌నే అడగాలి, ఆటగాళ్ల పేర్లు దాచుకోకూడదు. లెక్కకు సంఖ్య చాలు.

ఒక విషయం విడమరచి చెప్పాలి. డబ్బు పెట్టి ఆడే ఆటలు దీని పరిధిలోకి రావు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆ ఊబిలో దిగి అప్పుల పాలైన ఇళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి. అంకెలు చదవడం వచ్చిన పిల్లవాడు "నిన్న ఒకడు లక్ష గెలిచాడు" అనే మాట వినగానే "ఎంతమంది ఓడారు?" అని అడుగుతాడు. మేము కోరుకునేది ఆ ప్రశ్నే.

దాతలకు మా విన్నపం చిన్నది. మీ దుకాణంలో, ఆఫీసులో మూలన పడిన కంప్యూటర్ ఉంటే పారేయకండి. తెర వెలిగితే చాలు, ఈ పాఠానికి పనికొస్తుంది. ఆ కంప్యూటర్లు ఇచ్చాక లెక్క అడగడం మీ హక్కు. "ఎంతమంది చేరారు?" అని మాత్రమే అడగకండి. అది ఆ క్షణపు లెక్క. "నెల తర్వాత ఎంతమంది వస్తున్నారు? ఏ పిల్లవాడు ఏం చేయగలుగుతున్నాడు?" అని అడగండి. మీ సొమ్ము మా దగ్గర అమానత్. దాని లెక్క కూడా సగటుతో సరిపెట్టకుండా, పిల్లవాడి వారీగా చెప్పవలసిన బాధ్యత మాది.