పుట్టిన చోటు కాదు, లోపం ముఖ్యం

1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు ఆల్‌డ్రెడ్ వార్తిన్‌తో, ఆయన ఇంటికి బట్టలు కుట్టే ఒకామె తన దిగులు చెప్పుకుంది. తమ వంశంలో ఎంతోమందిని కడుపు, పేగు, గర్భసంచి క్యాన్సర్లే పొట్టన పెట్టుకున్నాయి, రేపు తన గతీ అంతేనని. వార్తిన్ ఆ మాట కొట్టిపారేయలేదు. ఆ కుటుంబ చరిత్ర కూర్చి 1913లో ప్రచురించారు. ఆమె మాత్రం, భయపడినట్టే, గర్భసంచి క్యాన్సర్‌తో కన్నుమూసింది.

1960లలో అమెరికాలోని ఒమాహా నగర వైద్యుడు హెన్రీ లించ్ ఇలాంటి కుటుంబాల కోసం ఊరూరా తిరిగారు. వంశాన్ని బట్టి క్యాన్సర్ రావడమేమిటని తోటివారు శంకించినా వదల్లేదు. 1993, 94లలో కారణమైన జన్యువులు బయటపడ్డాయి.

కణం రెండవుతున్నప్పుడు డీఎన్ఏ నకలులో తప్పులు దొర్లుతాయి. అచ్చుతప్పులు దిద్దే ప్రూఫ్‌రీడర్లలా, ఆ జన్యువుల నుంచి తయారయ్యే ప్రొటీన్లు వాటిని సరిచేస్తాయి. ఈ మిస్‌మ్యాచ్ రిపేర్ వ్యవస్థ చెడితే తప్పులు పేరుకుని వింత ప్రొటీన్లు తయారవుతాయి. గర్భాశయ లోపొర క్యాన్సర్లలో నాలుగింట దాదాపు ఒకదానిలో ఈ లోపం ఉంటుంది. వాటిలో ఎక్కువ శాతం వంశం నుంచి వచ్చినవి కావు, జీవితంలో తర్వాత ఏర్పడినవే.

ఇన్ని వింత ప్రొటీన్లున్న కణితిని రోగనిరోధక టీ కణాలు పసిగడతాయి. కానీ వాటిపై ఉండే పీడీ-1 అనే గ్రాహకాన్ని తాకి కణితి వాటిని నిలిపేస్తుంది. ఆ తాకిడికి అడ్డుపడే మందే పెంబ్రోలిజుమాబ్.

దాని బతుకూ గండాలమయమే. నెదర్లాండ్స్‌లోని ఆర్గనాన్ ఔషధ సంస్థ ప్రయోగశాలలో పుట్టింది. సంస్థలు చేతులు మారుతూ మెర్క్ సంస్థకు చేరాక కొంతకాలం మూలపడింది. ఈ తరహా మందులు పనిచేస్తాయని తేలాకే మళ్లీ ఊపందుకుంది. 2014లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు అనుమతి పొందింది. రిపేర్ లోపమున్న కణితులు దీనికి బాగా లొంగుతాయని 2015లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ బృందం చూపింది. 2017 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కణితి ఏ అవయవంలో పుట్టిందన్నది పక్కనపెట్టి, ఈ లోపాన్ని బట్టే మందుకు అనుమతిచ్చింది. అలాంటి అనుమతి అదే మొదటిది.

ముదిరిన, తిరగబెట్టిన గర్భాశయ క్యాన్సర్‌పై జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. రిపేర్ లోపమున్నవారిలో కీమోతో పాటు ఈ మందు తీసుకున్న 74 శాతం మందికి ఏడాది దాకా వ్యాధి ముదరలేదు. కీమో ఒక్కటే తీసుకున్నవారిలో అది 38 శాతం. లోపం లేనివారికీ కొంత మేలు కనిపించింది. 2024 జూన్‌లో ఈ రెండు రకాల రోగులకూ మందు వాడేందుకు ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అయితే రెచ్చిన టీ కణాలు థైరాయిడ్, పేగులు, ఊపిరితిత్తులపైనా దాడి చేయవచ్చు. అందుకే నిఘా తప్పనిసరి.

ఇంత గొప్ప మందూ వేళకు అందితేనే మందు. అమెరికాలో ఈ క్యాన్సర్‌తో నల్లజాతి స్త్రీలు తెల్లజాతివారి కంటే దాదాపు రెట్టింపు స్థాయిలో చనిపోతున్నారు. మన ఇళ్లలోనూ ముట్లుడిగాక ఎరుపు కనబడితే సిగ్గుపడి దాచే అమ్మలున్నారు. ఆ మరునాడే వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. క్యాన్సరని తేలితే మిస్‌మ్యాచ్ రిపేర్ పరీక్ష చేశారా అని అడగండి. ఇంట్లో ఇంకెవరికైనా క్యాన్సర్ వచ్చి ఉంటే అదీ చెప్పండి.