ఫిర్యాదులో మాట మారితే

వికారాబాద్, తాండూరు పల్లెల్లో దళితవాడ మనిషి ఫిర్యాదు ఇవ్వాలంటే చాలాసార్లు చదువొచ్చినవాళ్లనే రాసిపెట్టమంటాడు. ఆ రాసేవాళ్లం మనమే: కార్యకర్తలం, టీచర్లం, విద్యార్థులం. చెప్పిన మాట మోటుగా ఉందనో, ఆఫీసు కాగితానికి పనికిరాదనో ఒక మాటకు బదులు ఇంకో మాట పెడతాం. అర్థం ఒకటే కదా అనుకుంటాం. అన్నిసార్లూ ఒకటే కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బాధితుడు ఇట్లా చెప్పాడనుకోండి: "హోటల్ కాడ కుర్సీల కూసున్న. పదిమంది ఉన్నరు. 'లేవురా మాదిగోడా' అని తిట్టిండు." మనం రాసేది: "గ్రామంలో నన్ను అసభ్య పదజాలంతో దూషించాడు." భాష సాపుగానే ఉంది. కానీ చోటు, చూసినవాళ్లు, కులం పేరు మూడూ మాయమైనాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (1989) అడిగేవి ఇవే. 2015 సవరణ తర్వాత సెక్షన్ 3(1)(ఎస్) ప్రకారం, ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు పదిమంది కంటబడే చోట కులం పేరుతో తిట్టడం నేరం. బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అవమానించడం ఈ నేరం కిందికి రాదని హితేష్ వర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. "తిట్టిండు"ను "దూషించాడు" అని రాస్తే నష్టం లేదు. తిట్టిన మాటను తీసేస్తేనే నష్టం.

అట్లాగే "మాదిగోడా" అన్నదాన్ని మర్యాద కోసం "హరిజనుడా" అని మార్చడం కూడా తప్పే. కుల ధ్రువపత్రాల్లో ఆ పదం వాడొద్దని కేంద్ర హోంశాఖ 1982లోనే రాష్ట్రాలకు రాసింది. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ, తోటివాళ్లు "పంచమ" పేరును కాదని "ఆది ఆంధ్ర" అనుకున్నారు. పేరు మార్చుకునే హక్కు ఆ పేరు మోసినవాళ్లది, దరఖాస్తు రాసేవాళ్లది కాదు.

ఇంకో మాట చూద్దాం. "బాకీ తీరేదాక జీతం ఉన్న" అంటే "వ్యవసాయ కూలీగా పనిచేశాను" అని రాస్తాం. కూలీ రేపు ఇంకో చేనుకు పోవచ్చు. బాకీ కింద ఉన్న జీతగాడు పోలేడు. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టానికి ఆ బాకీయే కీలకం. తాండూరు నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ల మాట రాసేటప్పుడు కూడా, ముందుగా పైకం తీసుకున్నారా అని అడిగి, వాళ్లు చెప్పిన మాటల్లోనే రాయాలి.

1995 నిబంధనల్లో 5వది చెప్పేదీ ఇదే పద్ధతి. నోటితో చెప్పిన ఫిర్యాదును స్టేషన్ అధికారి రాయాలి, చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. మనమూ అట్లాగే చేద్దాం. మాటల్ని కలిపే వాక్యాలు మనవి కావచ్చు. తిట్టు, చోటు, చూసినవాళ్లు, పని పేరు మాత్రం వాళ్లు చెప్పినట్టే ఉండాలి. అధికారికి తెలియని మాటైతే దాని పక్కన అర్థం రాయాలి గాని దాని జాగాలో కాదు. చివరికి చదివి వినిపించినప్పుడు "నేనట్ల అనలే" అంటే, కొట్టేయాల్సింది మన వాక్యాన్నే.