చైనా పట్టు, జపాను పట్టు

2011లో నేను శిడ్లఘట్ట దగ్గర ఒక బ్రాంచిలో పనిచేసేవాణ్ణి. ఆ ఏటి కేంద్ర బడ్జెట్టులో ముడి పట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించారు. గూళ్ల ధర పడిపోయింది. పురుగుల షెడ్డుకు మా దగ్గర అప్పు తీసుకున్న ఒక తెలుగు రైతు వచ్చి, "చైనా వాళ్లకు అంత తక్కువకు ఎట్ల గిట్టుబాటు అవుతాది సార్? వాళ్ల పురుగులు ఆకు తినవా?" అని అడిగాడు. బి.కాం. చదివిన నా దగ్గర జవాబు లేదు. తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తే, ఒకప్పుడు చైనాను ఇలాగే దెబ్బతీసిన జపాను సంగతి బయటపడింది.

పట్టుకు పుట్టిల్లు చైనాయే. అయినా 1909 నాటికి ముడి పట్టు ఎగుమతిలో జపాను దాన్ని దాటిపోయింది. 1859లో యొకొహామా రేవు తెరిచేనాటికి ఐరోపాలో పెబ్రిన్ తెగులుతో పురుగులు చస్తున్నాయి. జపానుకు బేరం కలిసివచ్చింది. 1872లో ప్రభుత్వమే ఫ్రెంచి నిపుణుణ్ణి పిలిపించి తొమియొకలో ఆవిరి మిల్లు పెట్టింది. అందరూ ఆ మిల్లునే పొగుడుతారు గాని, నా లెక్కలో అసలు సంగతి గుడ్లది. తొయామా కమెతరో అనే శాస్త్రజ్ఞుడు 1906లో సంకరజాతి పురుగుల మేలు చూపించాడు. కొద్ది ఏళ్లలో ఆ గుడ్లు పల్లెపల్లెకూ చేరాయి. గూళ్లన్నీ ఒకే తీరు, దారమంతా ఒకే మందం. దారం తెగితే మరమగ్గం ఆగిపోతుంది కనుక అమెరికా మిల్లులకు కావలసింది అదే. చైనాలో చాలాకాలం గుడ్లను పరీక్షించే ఏర్పాటే సరిగా లేదు. తెగులు గుడ్లతోపాటే ఇల్లిల్లూ తిరిగింది.

1930 ప్రాంతంలో జపానులో దాదాపు 22 లక్షల రైతు కుటుంబాలు ఏటా 4 లక్షల టన్నుల గూళ్లు తీసేవి. అప్పటికే అమెరికాలో మాంద్యం. 1940లో నైలాన్ మేజోళ్లు వచ్చాయి, ఆపైన యుద్ధం. తరువాత కొంత కోలుకున్నా, పట్నంలో ఫ్యాక్టరీ జీతాలు పెరిగాక అర్ధరాత్రి లేచి ఆకు వేసేదెవరు? 1970లలో చైనా తన పాత స్థానం తాను తీసుకుంది. తొమియొక మిల్లు 1987లో మూతబడింది. 2014లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఇప్పుడు టిక్కెట్టు కొని చూసి రావచ్చు.

చైనాలో మాత్రం కూలి పెరగలేదా? పెరిగింది. 2000 తర్వాత పట్టు పెంపకం జియాంగ్సు, జెజియాంగ్ రాష్ట్రాలను వదిలి, కూలి చవకైన గ్వాంగ్సీకి తరలిపోయింది.

ఇదంతా మా రైతుకు చెబితే, "అయితే మన ఆట ఎన్నాళ్లు సార్?" అన్నాడు. అప్పు గడువు పొడిగించాం. 2013లో సుంకం 15 శాతానికి పెంచారు. ఆయన బాకీ అంతా తీర్చేశాడు. ఆ మధ్య ఫోను చేసి, మల్బరీ తోట సగం తీసేసి టమాటా పెట్టానన్నాడు. "ఆకు వేసే పిల్ల బెంగుళూరులో ఉద్యోగానికి పోయె సార్. మేమిద్దరమే అంత చూసుకోలేము" అన్నాడు.