దరఖాస్తులో మీ మాటలే రాయండి

బ్రిటన్‌లో నర్సింగ్ డిగ్రీకి దరఖాస్తు చేసే గోపన్‌పల్లి పిల్లలు, తమ గురించి రాసుకున్న వ్యాసం మాకు చూపిస్తుంటారు. "చిన్నప్పటి నుండి సేవ చేయాలని కోరిక" అనే అందరూ రాస్తారు.

అక్కడి దరఖాస్తులు స్వీకరించే యూకాస్ సంస్థ 2026 ప్రవేశాల నుండి మూడు ప్రశ్నలు అడుగుతోంది. ఈ కోర్సు ఎందుకు? మీ చదువు దీనికెలా సిద్ధం చేసింది? చదువు కాక ఏమి చేశారు, అదెలా ఉపయోగపడుతుంది? మొత్తం జవాబు ఖాళీలతో కలిపి 4,000 అక్షరాలు దాటరాదు. ఇతరుల రాతలతో పోల్చి కూడా చూస్తారు.

పక్షవాతంతో మంచం పట్టిన నానమ్మకు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పారా? అది రాయండి. దానివల్ల ఏమి నేర్చుకున్నారో రాయండి.

తల్లిదండ్రులారా, డబ్బిచ్చి రాయించకండి. ఇంగ్లీషు తప్పులుంటే మేము చెబుతాము. అనుభవం మాత్రం పిల్లలదే కావాలి.