నవ్వులపాలైన వ్రతం: తెలుగు కావ్యాల్లో జైన పరిహాసం

పరమత ఖండనలో పరిహాసం ఒక పాత పద్ధతి. వాదానికి బదులు చెప్పవచ్చు, నవ్వుకు చెప్పడం కష్టం. తెలుగు కావ్యాల్లో ఈ వేటు పడిన మతాల్లో జైనం ఒకటి.

కృష్ణమిశ్రుని సంస్కృత నాటకం ప్రబోధచంద్రోదయాన్ని 15వ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగయ కవులు తెలుగు కావ్యంగా మలిచారు. అందులో దిగంబరుడు, బౌద్ధ భిక్షువు ఒకరితో ఒకరు వాదులాడుకుంటారు. చివరకు కాపాలిని కౌగిలికీ మద్యానికీ లొంగి ఇద్దరూ కాపాలికుని శిష్యులవుతారు. అహింస, అనేకాంతవాదం వంటి సిద్ధాంతాలను ఈ హాస్యం పెద్దగా తాకదు. దాని చూపు దేహం మీదే: నగ్నత్వం, స్నానమెరుగని ఒళ్లు, పెరికిన వెంట్రుకలు. జైనమునికి కేశలుంచనం దేహమమకారాన్ని విడవడం, బయటివాడికి వికారం. నవ్వు ఈ ఎడంలో పుడుతుంది. అయితే వ్రతమేదో శ్రోతకు ముందే తెలియకుంటే వ్రతభంగం నవ్వించదు. కనుక ఈ పరిహాసం జైనాచారాలకు పరోక్ష సాక్ష్యం కూడా. కేశలుంచనం నిజమైన ఆచారమే, మద్యపానం మాత్రం ప్రత్యర్థి అతికించినది. పరిశోధకుడు ఈ రెంటినీ విడదీయాలి.

పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోని ఏకాంత రామయ్య కథలో గెలుపు మాటలతో ఆగదు. అబ్బలూరులో జినబింబం కూలుతుంది.

పూర్వపు నల్లగొండ జిల్లా కొలనుపాకలో రేణుకాచార్యుడు ఉద్భవించాడని వీరశైవులు నమ్మే సోమేశ్వరాలయమూ, నేటికీ యాత్రికులు వచ్చే జైన మందిరమూ ఉన్నాయి. మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల సమీపాన ఆల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన జైనాలయం నిలిచి ఉంది. జనం దాన్ని గొల్లత్తగుడి అంటారు. ఆ పేరులో జినుడు లేడు.